ఎలా పోయారని అడిగితే దాచకండి



మన ఊళ్లల్లో ఎవరైనా పోతే ‘ఆయుష్షు తీరింది’ అనేసి ఊరుకుంటాం. ఏ జబ్బుతో పోయారో రాసి పెట్టుకోం. 2003-04లో మన ఉభయ గోదావరి జిల్లాల్లో 45 ఊళ్లల్లో ఆరోగ్య కార్యకర్తలు ఆ సంగతే అడిగారు. ఏడాదిలో 1,354 మంది పోతే, దాదాపు అందరి ఇళ్లకీ వెళ్లి ‘చివర్లో ఏ బాధ పడ్డారమ్మా?’ అని అడిగి రాసుకున్నారు. అవి చదివి డాక్టర్లు కారణం తేల్చారు.

నూటికి 32 మంది గుండెజబ్బు, పక్షవాతం లాంటి వాటితోనే పోయారు. అంటురోగాలతో పోయింది 12 మందే. గుండెపోటు పట్నం డబ్బున్నోళ్ల జబ్బని మనం అనుకునే మాట తప్పన్నమాట.

బీపీ ఉన్నా చాలామందికి నొప్పి తెలీదు. లోపల మాత్రం గుండెనీ, మెదడునీ దెబ్బ తీస్తుంది. ఇంట్లో ఒకరు మంచాన పడితే మన పొదుపంతా ఆసుపత్రికే పోద్ది, సంఘం అప్పు వాయిదా ఆగిపోద్ది.

అందుకని మూడు మాటలు. నెలకోసారి సంఘం మీటింగుకి ఏఎన్‌ఎం గారిని పిలిచి అందరం బీపీ చూపించుకుందాం. ఊరగాయ, ఎండుచేప తగ్గిద్దాం, ఇంట్లో చుట్ట, బీడీ మాన్పిద్దాం. బాగానే ఉంది కదా అని డాక్టరుని అడక్కుండా బీపీ మాత్ర ఆపొద్దు.

రేపు ఎవరైనా అలా అడగడానికి మీ గుమ్మంలోకి వస్తే, బాధైనా సరే, ఉన్నదున్నట్టు చెప్పండి. మీరు చెప్పిన మాట ఇంకో ఇంటిని నిలబెడుతుంది.

సెలవు.