అద్దె కట్టాక చేతిలో మిగిలేదెంత?



ఈ హాల్లో బళ్లారి వాళ్లున్నారు, బరంపురం వాళ్లున్నారు, షోలాపూర్ నుంచి, యానాం నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు. మన పెద్దలు చాలామంది పని కోసం ఊరు మారినవాళ్లే. ఇప్పుడు మీలో కొందరు ఇంకా దూరం వెళ్తున్నారు. బ్రిటన్‌లో మాస్టర్స్ చేసి, గ్రాడ్యుయేట్ వీసా మీద అక్కడే కాంట్రాక్టు పని పట్టుకుంటున్నారు. అలాంటివాళ్ల జీతం గురించి, ముఖ్యంగా పని దొరికిన ఊళ్లో గదికయ్యే ఖర్చు గురించి నాలుగు మాటలు చెప్తాను. వెళ్లే ఆలోచన లేనివాళ్లు కూడా వినండి, ఇంట్లో అన్నయ్యకో చెల్లెలికో పనికొస్తుంది.

ముందు అంబ్రెల్లా కంపెనీ అంటే ఏమిటో చూద్దాం. పేరు గొడుగే గానీ అది ఎండావానా ఆపేది కాదు. మీకు పని చూపించేది ఏజెన్సీ. మీరు పని చేసేది ఒక ఆఫీసులోనో, ఆసుపత్రిలోనో, బడిలోనో. జీతాల లెక్క పెట్టుకోవడం ఏజెన్సీకి ఇష్టం ఉండదు. అందుకని మధ్యలో మూడో కంపెనీ వస్తుంది. చట్టం దృష్టిలో మీ యజమాని అదే. పేస్లిప్ అదే ఇస్తుంది, పన్ను అదే కోసి కడుతుంది, సెలవు జీతం బాధ్యత కూడా దానిదే. ఇది చట్టబద్ధమైన ఏర్పాటే, నిజాయితీగా నడిపేవాళ్లూ ఉన్నారు. చిక్కంతా ఒకచోట ఉంది. ఏజెన్సీ ఫోన్‌లో చెప్పే రేటు మీ జీతం కాదు. అది అంబ్రెల్లా కంపెనీకి వచ్చే డబ్బు.

కాగితం, పెన్ను ఉంటే తీయండి. 2025-26 సంవత్సరం రేట్లతో లెక్క వేద్దాం. గంటకు 20 పౌండ్లు, వారానికి 40 గంటలు అన్నారనుకోండి. 800 పౌండ్లు. కంపెనీ తన ఫీజు కింద 20 తీసుకుందనుకుందాం. తర్వాత యజమాని కట్టాల్సిన నేషనల్ ఇన్సూరెన్స్ ఉంది. వారానికి 96 పౌండ్లు దాటిన జీతం మీద 15 శాతం, అంటే దాదాపు 89. అప్రెంటిస్‌షిప్ లెవీ అని అర శాతం, ఓ 3 పౌండ్లు. యజమాని కట్టాల్సినవి మన 800లోంచి పోవడమేమిటి అని మీరు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. ఆ యజమానికి మీ పనిమీద వచ్చే డబ్బు ఆ 800 తప్ప ఇంకోటి లేదు, అందులోంచే కడుతుంది. ఇక మిగిలింది 688. అసలు జీతం ఇదీ, సెలవు జీతం కూడా ఇందులోనే కలిసి ఉంటుంది. దీని మీద మీ ఆదాయపు పన్ను సుమారు 89, మీ వంతు నేషనల్ ఇన్సూరెన్స్ సుమారు 36. చేతికొచ్చేది 563. పింఛను కోత ఉంటే ఇంకా తగ్గుతుంది.

ఇప్పుడు గది మాటకొద్దాం. కాపురం లెస్టర్‌లో, మూడు నెలల పని బ్రిస్టల్‌లో. మూడు నెలల కోసం పిల్లల బడి మార్చి ఇల్లు ఖాళీ చేయలేం కదా. వారానికి 200 పౌండ్లకు అక్కడో గది తీసుకుంటే 363 మిగులుతుంది. ఇంకా లెస్టర్ ఇంటి అద్దె కట్టాలి, రైలు టికెట్ కొనాలి, తినాలి.

ఒకప్పుడు ఇలా ఉండేది కాదు. అంబ్రెల్లా ఉద్యోగి ఒక చోటి నుంచి ఇంకో చోటికి పనులు మారుతూ ఉంటే, పని చేసే ప్రతి చోటునూ తాత్కాలిక స్థలంగా లెక్కించి, బస, ప్రయాణం, భోజనం ఖర్చులకు పన్ను మినహాయింపు ఇచ్చేవారు. 2016 ఏప్రిల్ 6 నుంచి చట్టం మారింది. మధ్యవర్తి కంపెనీ ద్వారా పని చేస్తూ, ఎలా చేయాలో ఇంకొకరు చెప్పే స్థితిలో, లేదా పర్యవేక్షించే స్థితిలో ఉంటే, ప్రతి అసైన్‌మెంటునూ విడి ఉద్యోగంగా చూస్తారు. అప్పుడు బ్రిస్టల్ ఆఫీసు మీకు మామూలు ఆఫీసే. ఇంటి నుంచి ఆఫీసుకు వెళ్లే ఖర్చు ఎవరిది వాళ్లే పెట్టుకోవాలి. ఇప్పటి రేట్లకు పాత నియమం వర్తింపజేసి చూస్తే, నేను చెప్పిన లెక్కలో వారానికి దాదాపు 75 పౌండ్ల తేడా వస్తుంది. కొత్తగా చేరిన కుర్రాడికి అది వారం కిరాణా ఖర్చు.

ప్రభుత్వం చెప్పిన కారణం పూర్తిగా తప్పని నేను అనను. దుకాణంలో పని చేసే అమ్మాయి పన్ను కట్టిన జీతంతోనే బస్సు టికెట్ కొనుక్కుంటుంది, కాంట్రాక్టరుకు మాత్రం రాయితీ ఎందుకన్నారు. లేని ఖర్చులు చూపించి రాయితీ వాడుకున్న కంపెనీలూ ఉండేవి. కానీ రాయితీ పోయాక ఆ నష్టం ఏజెన్సీ మీద పడలేదు, పని చేయించుకునే సంస్థ మీదా పడలేదు. గది అద్దెకు తీసుకున్నవాడి మీదే పడింది. మన పాలమూరు కూలీల లాంటి వలస కూలీల కోసం 1979లో వచ్చిన అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం, కూలీని తెచ్చిన కాంట్రాక్టరే బస చూపాలనీ, రానూపోనూ ప్రయాణపు డబ్బు ఇవ్వాలనీ రాసింది. అమలు సంగతి మీకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా ఆ రాతలో న్యాయం ఉంది. దూరం నుంచి మనిషిని పిలిపించుకున్నవాడు ఆ దూరం ఖర్చులో పాలు పంచుకోవాలి.

కొన్ని సందర్భాల్లో మినహాయింపు ఇంకా ఉంది. మీ పని బ్రిస్టల్‌లో అయితే, అదే పని మీద సంస్థ మిమ్మల్ని మూడు రోజులు గ్లాస్గో పంపితే, ఆ హోటల్ ఖర్చు మామూలుగా చెల్లుతుంది. రసీదులు దాచుకోండి. అయితే ఇక్కడ చాలామంది పొరబడతారు. ఖర్చు క్లెయిమ్ చేయడం అంటే ఖర్చంతా వెనక్కి రావడం కాదు. సంస్థ 800కు పైన విడిగా ఇస్తేనే అది వెనక్కి వచ్చినట్టు. లేకపోతే మీ డబ్బు మీకే ఇస్తూ, దాని మీద పన్ను మాత్రం మిగిలిస్తారు. 200 పౌండ్ల హోటల్ బిల్లును మీరే ఆదాయపు పన్నులో క్లెయిమ్ చేస్తే, 20 శాతం పన్ను కట్టేవారికి తగ్గేది 40 పౌండ్లు.

ఇక జాగ్రత్తపడాల్సిన మాట. "మా దగ్గర చేరితే రేటులో 85 శాతం చేతికొస్తుంది, గది అద్దె కూడా పన్ను లేకుండా చూసుకుంటాం" అని మెసేజ్ వస్తుంది. ఒక్కోసారి పంపేది మన తెలుగువాడే, రెఫరల్ డబ్బు కోసం. 800లో 85 శాతం అంటే 680. ఇందాక వేసిన లెక్కలో మామూలుగా వచ్చేది 563. మిగతా 117 ఎక్కడి నుంచి వస్తోంది? ఇలాంటి చోట్ల తరచుగా జీతంలో కొంత భాగాన్ని అప్పు అనో, అడ్వాన్సు అనో పేరు మార్చి ఇస్తారు. పన్నుల శాఖ హెచ్‌ఎంఆర్‌సీ పట్టుకున్నప్పుడు కంపెనీ మూతపడి ఉంటుంది, బాకీ మాత్రం పని చేసినవాడి పేరున వస్తుంది. 2019లో అమలైన లోన్ చార్జ్ కింద ఎంతోమందికి ఏళ్ల నాటి పన్ను ఒక్కసారే మెడకు చుట్టుకుంది. 2026 ఏప్రిల్ 6 నుంచి అంబ్రెల్లా కట్టని పన్నుకు ఏజెన్సీని కూడా బాధ్యురాలిని చేశారు. మంచి మార్పే. దాన్ని నమ్ముకుని కళ్లు మూసుకోమని మాత్రం నేను చెప్పను.

యజమానే గది ఇచ్చే చోట లెక్క వేరు. కనీస వేతనం మీద ఉన్నవారి దగ్గర గది కోసం ఎంత కోసినా, కనీస వేతనం లెక్కలో రోజుకు ఇంత అని ఒక పరిమితి వరకే చెల్లుతుంది. 2025-26లో అది రోజుకు 10.66 పౌండ్లు, వారానికి 74.62గా ఉండేది. అంతకు మించి కోసినందువల్ల జీతం కనీస వేతనం కంటే, అంటే ఆ ఏడాది గంటకు 12.21 కంటే, కిందికి పోతే, అది కనీస వేతన చట్టాన్ని మీరడమే. 21 ఏళ్లు నిండినవారి అప్పటి రేటు ఇది. గోదాములోనో, కేర్ హోమ్‌లోనో ఒకే గదిలో నలుగురిని పెట్టి, తలా వందేసి కోస్తుంటే ఈ పరిమితి సంగతి గుర్తుంచుకోండి.

ఒప్పుకునే ముందు ఏజెన్సీని కీ ఇన్ఫర్మేషన్ డాక్యుమెంట్ అడగండి. 2020 ఏప్రిల్ 6 నుంచి ఏజెన్సీ పనివారికి అది ఇవ్వడం తప్పనిసరి. ఎవరు జీతం ఇస్తారు, ఏమేం కోస్తారు, ఉదాహరణకు చేతికి ఎంత వస్తుంది అని రెండు పేజీల్లోపే ఉంటుంది. ఆ చివరి అంకెలోంచి గది అద్దె, రైలు ఖర్చు తీసేసి చూడండి. మిగిలేది చాలకపోతే ఏజెన్సీతో బేరమాడండి. పని ఖాయమవకముందే రేటు పెంచమని అడగొచ్చు, బసకు విడిగా ఇమ్మని అడగొచ్చు. మనవాళ్లకు అడగడానికి మొహమాటం. మంచి జీతమని ఊళ్లో చెప్పేశాక ఇంకా మొహమాటం.

ఇప్పటికే కాగితాలు చేతికొచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే, భోజనాల తర్వాత ఆ కుడివైపు గదిలో కూర్చుంటాను. పేస్లిప్‌లు ఫోన్‌లో ఉన్నా సరే తీసుకురండి. వరుస వరుసగా చూద్దాం.