మూడో నెలలోపు స్కానింగ్ - కొన్ని ప్రశ్నలు

(గోదావరిఖనిలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గర్భిణుల ఆరోగ్యం మీద మాట్లాడమంటే రక్తహీనత గురించో, సిజేరియన్ల గురించో మాట్లాడతానని మీలో చాలామంది అనుకుని వుంటారు. నేను చాలా చిన్నదిగా కనిపించే ఒక విషయానికే పరిమితమవుతాను. నెల తప్పిన స్త్రీ మూడు నెలలు నిండేలోగా సర్కారు దవాఖానాలో ఒక్క స్కానింగ్ చేయించుకోవాలంటే ఏమేం దాటాలి? అంతా దాటాక ఆమె చేతికి వచ్చేదేమిటి?

సింగరేణి ప్రాంతంలో వైద్యం కూడా మస్టర్ని బట్టే నడుస్తుంది. భర్త పర్మినెంటు కార్మికుడైతే ఆమెకు కంపెనీ ఆసుపత్రి వుంటుంది. అదే బొగ్గు కోసం, కానీ కాంట్రాక్టరు కింద మట్టి ఎత్తే పనిలోనో, లారీ మీదనో వున్నవాడి భార్య ఎక్కువగా సర్కారు ఆసుపత్రి వరుసలోనే కనిపిస్తుంది. కాలనీలు వూడ్చే స్త్రీల సంగతీ అంతే. ఒకప్పుడు ఆడవాళ్లు కూడా బాయిలోకి దిగి తట్టలు మోశారు. 1929 నిబంధనలతో మన దేశంలో వాళ్లను క్రమంగా భూగర్భం నుంచి బయటికి పంపారు. యుద్ధ కాలంలో, 1943లో, బొగ్గు కావలసి వచ్చి మళ్లీ దించారు. 1946లో మళ్లీ ఆపారు. 1952 గనుల చట్టం ఆ నిషేధాన్ని ఖాయం చేసింది. 2019లో షరతులతో తలుపు తీశారు. స్త్రీ దేహాన్ని రక్షించడం గురించి ఇంత చట్టం నడిచిన చోట ఆ దేహం ఆసుపత్రి వసారాలో ఎన్ని గంటలు కూర్చుంటుందో లెక్కపెట్టేవాళ్లు లేరు.

అసలు ఈ స్కాన్ ఎందుకు? మొదటిది, గర్భం గర్భసంచిలోనే వుందా, ట్యూబులో నిలిచిందా అన్నది తేలుతుంది. ట్యూబులో నిలిచిన గర్భం నూటికి ఒకరిద్దరిలో వస్తుంది. అది పగిలితే లోపల రక్తస్రావమై గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. రెండోది, పిండం గుండె కొట్టుకుంటోందా, వున్నది ఒకరా ఇద్దరా అన్నది. మూడోది, గర్భం వయసు. నా దృష్టిలో మనం అందరికంటే తక్కువ మాట్లాడుకున్నది ఈ మూడో దాని గురించే.

మన ఆడవాళ్లు నెల తప్పినప్పటి నుంచి నెలలు లెక్కపెడతారు. డాక్టర్లు ఆఖరి ముట్టు మొదటి రోజు నుంచి వారాలు లెక్కపెడతారు. ఈ రెండు లెక్కలకూ మధ్య ఎవరూ తర్జుమా చేయరు. ముట్టు సరిగా రానివాళ్లకు, చంటిబిడ్డకు పాలిస్తూ మళ్లీ ముట్టు రాకముందే గర్భం నిలిచినవాళ్లకు ఆ తేదీ అసలే వుండదు. పద్నాలుగు వారాలు నిండేలోపు పిండం పొడవు కొలిస్తే వయసు వారం రోజుల తేడాలోపే తెలుస్తుంది. ఏడో నెల దాటాక కొలిస్తే ఆ తేడా మూడు వారాలు కూడా కావచ్చు. పిండాలు ఒక్కో తీరుగా పెరుగుతాయి గనుక ఈ పొరపాటును తర్వాత తీసే మరో యంత్రం లేదు. తేదీ తప్పితే, నెలలు నిండని బిడ్డను 'డేట్ దాటింది' అని కోసి తీసే అవకాశం వుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు, దేశంలోకెల్లా ఎక్కువ. దానికి కారణాలు అనేకం. తప్పుడు తేదీ కూడా అందులో ఒకటి అయ్యే వీలుందని గుర్తుంచుకోమంటున్నాను, అంతే.

గర్భం వద్దనుకున్న స్త్రీకి ఈ లెక్క మరీ ముఖ్యం. 2021 సవరణ తర్వాత గర్భస్రావ చట్టంలో ఇరవై వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం చాలు. ఇరవై నుంచి ఇరవై నాలుగు దాకా కొన్ని వర్గాల స్త్రీలకే, ఇద్దరు డాక్టర్లతో. 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు పెళ్లికాని స్త్రీలకూ అది వర్తిస్తుందని చెప్పింది. చట్టం వారాల్లో మాట్లాడుతుంది. వారాలు చెప్పేది స్కాన్. వరుసలో మూడుసార్లు తిరిగి వెళ్లిపోయిన స్త్రీకి ఆ హక్కు కాగితం మీద వుండగానే కరిగిపోతూ వుంటుంది.

ఇక వరుస సంగతి. ఈ ప్రాంతంలోనూ, హైదరాబాద్‌లోనూ ప్రసూతి ఆసుపత్రుల ముందు నేను చాలా రోజులు కూర్చున్నాను. ఏ ఆసుపత్రి అన్నది ఇక్కడ అప్రస్తుతం. పొద్దున ఏడింటికే ఓపీ చీటీ కోసం నిలబడాలి. పొట్ట మీద నుంచి చేసే తొలి స్కాన్‌కు మూత్రాశయం నిండుగా వుండాలి. కాబట్టి నీళ్లు తాగమంటారు. తన వంతు ఎప్పుడొస్తుందో చెప్పరు. వేవిళ్లతో వున్న మనిషి సీసాడు నీళ్లు తాగి, కక్కుకుని, మళ్లీ తాగి, రెండు గంటలు బిగబట్టుకుని కూర్చుంటుంది. ఇక ఆగలేక వెళ్లి వచ్చేసరికి పేరు పిలిచి వుంటారు. 'ఒంటికి పోయొచ్చినవా? మళ్ల నీళ్లు తాగి కూసో' అంటుంది ఆయా. ఆమెను మాత్రం ఏమనగలం, ఆమే కాంట్రాక్టు మనిషి. (గర్భం నిలిచిందని చెప్పడానికి తెలంగాణలో 'నీళ్లోసుకుంది' అంటాం. ఆ వసారాలో కూర్చున్నప్పుడల్లా ఆ మాటే గుర్తొచ్చేది.) బయటికొచ్చిన ఒకామెను ఏం చెప్పారని అడిగితే 'ఏం జూసిన్రో ఏమో, బాగనే వున్నదన్నరు' అంది. చేతిలో ఇంగ్లీషు కాగితం. లోపలి నుంచి పరికరం పెట్టి చూసే స్కాన్ అయితే మరీ ఘోరం. అదేమిటో ముందు చెప్పకుండా 'కాళ్లు ఎడం పెట్టు' అన్న మాటతోనే మొదలవుతుంది. ఆడ మనిషి పక్కన వుండాలని అడగవచ్చని, వద్దనవచ్చని ఆమెకు ఎవరు చెప్పారు?

ఈ యంత్రం పుట్టుక కూడా ఒకసారి తలుచుకోవాలి. 1955లో స్కాట్లండ్‌లో ఇయన్ డొనాల్డ్ అనే ప్రసూతి వైద్యుడు స్త్రీల శరీరాల నుంచి తీసిన గడ్డలను బాబ్‌కాక్ అండ్ విల్‌కాక్స్ అనే బాయిలర్ల కంపెనీకి పట్టుకెళ్లి, లోహంలో పగుళ్లు పట్టే పరికరంతో పరీక్షించాడు. 1958లో 'లాన్సెట్' పత్రికలో ఫలితాలు వచ్చాయి. బాయిలో సర్దార్ కర్రతో పైకప్పును తట్టి, శబ్దాన్ని బట్టి అది గట్టిదా గుల్లదా అని చెప్తాడు కదా, సూత్రం దానికి దగ్గరే. తేడా ఏమిటంటే, పైకప్పు ఎలా వుందో సర్దార్ అక్కడ పనిచేసేవాళ్లకు చెప్తాడు.

ఆసుపత్రి ఆమెతో స్పష్టంగా మాట్లాడే మాట ఒక్కటే వుంది. అది గోడ మీద వుంటుంది: లింగ నిర్ధారణ నేరం. బిడ్డ ఆడో మగో తెలుసుకోవాలని లేదని సంతకమో వేలిముద్రో కూడా తీసుకుంటారు. ఈ చట్టాన్ని అడిగింది మనమే. 1994లో చట్టం వచ్చింది, 1996 జనవరి నుంచి అమలైంది, కోర్టుకు వెళ్లి పోరాడాక 2003లో సవరణ జరిగింది. దాన్ని నేను వెనక్కి తీసుకోమనడం లేదు. అయితే డాక్టర్ల కోసం రాసిన చట్టాన్ని వరుసలో నిలబడ్డ స్త్రీ మీద అనుమానంగా మార్చడాన్ని మనం చూస్తూ వూరుకోనక్కర లేదు. భర్త రాలేదని, భర్త సంతకం లేదని ఎక్కడైనా తిప్పి పంపితే, అలాంటి షరతు ఈ చట్టంలో లేదని గట్టిగా చెప్పండి. నర్సులు, టెక్నీషియన్లు స్కాన్ చేయకూడదన్నది కూడా ఈ చట్టపు ఏర్పాటే. ఒక్క డాక్టరు సెలవు పెడితే గది తాళం పడుతుంది. ఆ రోజు 'బయట చేయించుకో' అంటారు. 2011 నుంచి జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద సర్కారు ఆసుపత్రిలో గర్భిణులకు స్కానింగ్ వుచితం. బయటికి పంపడం ఆ హామీని తప్పడమే.

ప్రభుత్వం ఏమీ చేయలేదనడం కూడా సరికాదు. 2017లో కేసీఆర్ కిట్, దానితో పాటు 12,000, ఆడపిల్లయితే 13,000 రూపాయలు ఇవ్వడం మొదలయ్యాక స్త్రీలు సర్కారు ఆసుపత్రులకు పెద్ద సంఖ్యలో వచ్చారు. 2022 నవంబర్‌లో 44 ఆసుపత్రులకు 56 టిఫా యంత్రాలు ఇచ్చారు. అదే ఏడు సింగరేణి నిధులతో రామగుండానికి వైద్య కళాశాల వచ్చింది. టిఫా మంచిదే, అయిదో నెలలో లోపాలు పట్టేది. కానీ అది పుట్టబోయే బిడ్డ గురించిన ఆందోళన. మొదటి మూడు నెలల స్కాన్‌లో ప్రాణం నిలబడేది తల్లిది. ఏది ముందు ప్రచారంలోకి వచ్చిందో గమనించండి.

మనకు దీనిలో వారసత్వం వుంది. 1985లో పటాన్‌చెరులో ఏమీ చెప్పకుండానే స్త్రీలకు నెట్-ఎన్ ఇంజక్షన్ ప్రయోగం చేయబోతే స్త్రీ శక్తి సంఘటన మిత్రులు అక్కడికి వెళ్లి అడ్డుకున్నారు. మరుసటి ఏడు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1991లో తెలుగులో 'సవాలక్ష సందేహాలు' తెచ్చారు. అడగడం మనకు కొత్త కాదు.

స్కాన్ సెంటర్లు నింపే ఫారం ఎఫ్‌లో, ఏ కారణాలకు గర్భిణికి స్కాన్ చేయవచ్చో ఇరవై మూడు కారణాలు రాసి వున్నాయి. అందులో మొదటిది గర్భం ఎక్కడుందో, నిలిచిందో లేదో చూడడం. రెండోది వయసు కట్టడం. ఆ రెండింటినీ తెలుగులో, నేరం అన్న బోర్డు ఎంతుందో అంత బోర్డు మీద రాయమని సూపరింటెండెంట్‌ని అడుగుదాం. నీళ్లు ఎప్పుడు తాగాలో వంతును బట్టి చెప్పమని, మరుగుదొడ్డి నుంచి వచ్చినామె వంతు పోకూడదని, ఎన్ని వారాలో కాగితం మీద తెలుగులో రాసి ఇవ్వమని కూడా. ప్రతి నెలా తొమ్మిదో తారీఖున గర్భిణుల ప్రత్యేక పరీక్షల రోజు వుంటుంది. వచ్చే తొమ్మిదిన పొద్దున ఏడింటికి ఓపీ దగ్గర ఎవరెవరు వుండగలరో ఇప్పుడే పేర్లు చెప్పండి.