ఉన్నత పాఠశాలలలో విజ్ఞానశాస్త్ర బోధన

(రజతోత్సవ సభలోని ప్రసంగ పాఠము)



ఒక గ్రామములో గ్రంథాలయము 25 సంవత్సరములు నిలిచినదనగా, ఆ గ్రామమున ఒక తరము దాని నీడలో చదువుకొని పెద్దదైనదని అర్థము. ఇట్టి శుభసమయమున బిడ్డల చదువును గూర్చి, అందును విజ్ఞానశాస్త్రపు చదువును గూర్చి విచారించుట ఉచితము.

తరగతిలో సాధారణముగా జరుగునదేమి? ఉపాధ్యాయుడు నిర్వచనము చెప్పును. విద్యార్థి వ్రాసికొని, ఇంటివద్ద వల్లెవేసి, పరీక్షలో అప్పగించును. రెండు మాసములు గడచిన పిమ్మట అందులో మిగులునది స్వల్పము. పద్యమును బాల్యమున కంఠస్థము చేసినచో అది ఏనాటికైనను అర్థమిచ్చును. పెద్దలు ఆ పద్ధతి నేర్పరచుటలో వివేకము కలదు. విజ్ఞానశాస్త్రమునకు మాత్రము అది చాలదు. ఈ విద్య కంటితో చూచి, చేతితో చేసి, మనసుతో తర్కించి నేర్వవలసినది.

ఒక్క ఉదాహరణము చూడుడు. లోలకమును గూర్చిన పాఠమునకు పురికొస, గులకరాయి, సెకనుల ముల్లుగల గడియారము చాలును. రాయి నడిమి భాగము వరకు ఒక మీటరు పొడవుండునట్లు త్రాడు కట్టి, కిటికీకమ్మికి వ్రేలాడదీసి, కొద్దిగా ప్రక్కకు లాగి విడువవలెను. రాయి పోయి మరల వచ్చిన ఒక ఊపు. ఇట్టివి 20 ఊపులకు సుమారు 40 సెకనులు పట్టును.

ఇప్పుడు ఉపాధ్యాయుడు సూత్రము చెప్పక ప్రశ్న వేయవలెను. “రాయి బరువును రెండింతలు చేసినచో ఏమగును?” బరువైనది త్వరగా ఊగునని కొందరు, మెల్లగా ఊగునని కొందరు అందురు. ఎవరి ఊహను వారు ముందుగా వ్రాసికొనవలెను. పిమ్మట పొడవు మారకుండ చూచుకొని ప్రయోగము చేయగా, కాలము మారదు! రెండవ ప్రశ్న: “త్రాటిని నాలుగవ వంతు, అనగా 25 సెంటీమీటర్లు చేసినచో?” పెక్కుమంది 10 సెకనులని లెక్క కట్టుదురు. గడియారము సుమారు 20 చూపును. తన ఊహ తప్పినపుడు బాలునకు కలుగు ఆశ్చర్యమే ఆ పాఠమునకు ప్రాణము. అప్పుడు చెప్పిన సూత్రము వాని ప్రశ్నకు జవాబై నిలుచును. ముందే చెప్పినచో మరియొక వాక్యమై పోవును.

ఇంకొక మెలకువ కలదు. మీటరు త్రాటితో ఒక జట్టునకు 40, మరియొక జట్టునకు 41, వేరొక జట్టునకు 38 సెకనులు వచ్చును. ఉపాధ్యాయుడు వీనినన్నిటిని తుడిచి పుస్తకములోని సంఖ్యను వ్రాసినచో, చూచినదానికంటె అచ్చైనదే సత్యమని పిల్లలు గ్రహింతురు. అన్నిటిని నల్లబల్లపై వ్రాసి కారణమడుగవలెను. వెదకగా, 38 వచ్చిన జట్టువారు రాయిని విడుచునపుడే “ఒకటి” అని లెక్క మొదలిడి 19 ఊపులే కొలిచియుండవచ్చును. “సున్న” అని మొదలిడవలెనని వారికి ఇక ఎవరును చెప్పనక్కరలేదు.

ఇదంతయు పల్లెటూరి బడులలో సాగునా యని సందేహము కలుగవచ్చును. మధ్యప్రదేశ్‌లో నర్మదాతీరమునగల హోషంగాబాద్ జిల్లాలో ఇది సాగినది. ఆ జిల్లాకు ఇప్పుడు నర్మదాపురమని పేరు. 1972లో కిశోర్ భారతి, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అను రెండు స్వచ్ఛంద సంస్థలు ప్రభుత్వానుమతితో 16 పాఠశాలలలో ఈ కృషి ప్రారంభించినవి. ఢిల్లీ విశ్వవిద్యాలయపు అధ్యాపకులు, టాటా మౌలిక పరిశోధన సంస్థలోని శాస్త్రజ్ఞులు తోడ్పడిరి. 1978లో జిల్లాలోని మాధ్యమిక పాఠశాలలన్నిటికిని ఇది వ్యాపించెను. 1982లో స్థాపితమైన ఏకలవ్య సంస్థ తదుపరి భారము వహించెను. అది 6, 7, 8 తరగతుల కార్యక్రమమైనను, పై తరగతులకును అందు నేర్వదగినది మెండు.

వారి ‘బాల్ వైజ్ఞానిక్’ పుస్తకములు ప్రయోగమెట్లు చేయవలెనో చెప్పి, ప్రశ్నలడిగి, జవాబును పిల్లలకే విడిచినవి. సందేహములు కలిగిన పిల్లలు ‘సవాలీరామ్’ అను కల్పితవ్యక్తికి జాబులు వ్రాసెడివారు. పరీక్షలో పుస్తకము దగ్గర నుంచుకొనవచ్చును. చేతితో చేసి చూపవలసిన పరీక్షయు కలదు. ప్రశ్నపత్రము ఏది కోరునో తరగతి దానినే నేర్పును గనుక, వారు బోధనతోపాటు పరీక్షను సైతము మార్చిరి. ముప్పది సంవత్సరములు నడచిన ఈ కార్యక్రమమును 2002లో రాష్ట్ర ప్రభుత్వము నిలిపివేసెను. ఉత్తరువుపై ఆధారపడిన మంచిపని ఉత్తరువుతో ఆగును. ఊరి అలవాటైన పనిని ఆపుట అంత సులభము కాదు.

ఉపాధ్యాయుల కష్టము విస్మరింపదగినది కాదు. పిల్లలు పెక్కుమంది, పాఠములు అధికము, కాలము తక్కువ. ప్రతి పాఠమునకు ప్రయోగము సాధ్యము కాకున్నను, పక్షమునకొకటి సాధ్యమే. నలుగురేసి జట్టుగా కూర్చుండిన సామగ్రియు సరిపోవును. తెలియని ప్రశ్న వచ్చినపుడు “నాకును తెలియదు, చేసి చూతము” అనుట గురువునకు చిన్నతనము కాదు. ఆ మాటయే శిష్యునకు శాస్త్రమార్గమును చూపును.

ఇందు గ్రంథాలయమునకును పాత్ర కలదు. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు 1906లో నెలకొల్పిన విజ్ఞానచంద్రికా మండలి శాస్త్రవిషయములను తెలుగు పుస్తకములుగా ప్రకటించి పాఠకుల కందించినది. పుస్తకముల ప్రక్కనే ఒక అరలో భూతద్దము, ఉష్ణమాపకము, చిన్న త్రాసు ఉంచినచో వ్యయమెంత? ఒక ప్రశ్నల పుస్తకము నుంచి, పిల్లలు వ్రాసిన సందేహములను ఆదివారమునాడు చదివి చర్చింపవచ్చును.

తలిదండ్రులు తమకు శాస్త్రము తెలియదని సంకోచింపనక్కరలేదు. విత్తుటకు ముందు రైతు 100 గింజలను తడిగోనెలో చుట్టి, కొన్ని దినములు తడి ఆరకుండ కాపాడి, ఎన్ని మొలకెత్తినవో లెక్కించును. 60 మాత్రమే మొలచినచో ఆ విత్తనమును నమ్మడు. విత్తనమమ్మినవాని మాటకంటె తన లెక్కను నమ్ముటయే శాస్త్రదృష్టి. రానున్న తొలకరికి ముందు ఆ మూటను విప్పు వేళ ఇంటిలోని బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ముందుగా వాని ఊహ నడిగి, పిమ్మట వానిచేతనే గింజలు లెక్కింపజేయుడు. ఆ దినమున విజ్ఞానశాస్త్ర పాఠము ఆ ఇంటి అరుగుమీదనే ఆరంభమగును.