వేలిముద్ర పడని చోట

ప్రభుత్వ పాలనశాస్త్రంలో పట్టాలు అందుకుంటున్న పిల్లలూ, నేను రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఒక్క సంగతే చెబుతాను.

ఆంధ్రప్రదేశ్‌లో 2015 నుంచి రేషన్ షాపులకు ఈ-పోస్ మిషన్లు వచ్చాయి. వేలిముద్ర పడితేనే బియ్యం అన్నారు. దొంగ కార్డులను అరికట్టాలని తెచ్చారు, మంచిదే. కానీ రాళ్లు కొట్టి కొట్టి అరిగిన వేళ్లకు గీతలెక్కడివి? ముసలివాళ్ల వేళ్లకెక్కడివి? అందుకే అలాంటివాళ్లకు గ్రామ రెవెన్యూ అధికారి, అదే వీఆర్వో, తన వేలిముద్ర వేసి సరుకు ఇప్పించే వీలు పెట్టారు.

నేను తహసీల్దారుగా ఉన్న మండలంలో ఒక వీఆర్వో ఆ వీలును అందరికంటే ఎక్కువగా వాడింది. పైనుంచి సంజాయిషీ అడిగారు. జాబితా పట్టుకుని ఊళ్లోకి వెళ్లాను. అందులో ఉన్నది క్వారీ కూలీలు, వృద్ధులు. బియ్యం చేరాల్సిన ఇళ్లకే చేరాయి. ఆ మాటే రాసి పంపితే ఫైలు మూశారు. మరుసటి నెల నుంచి ఆ అమ్మాయి షాపు వైపు రావడం మానేసింది. "మళ్లీ మెమో వస్తే ఇంక్రిమెంటు ఆగిపోతుంది సార్" అంది. ఏమని కోప్పడను? పక్క ఊళ్లో ఒక్కసారీ వేలు పెట్టని ఉద్యోగిని ఎవరూ ఏమీ అడగలేదు. అక్కడ ఖాళీ సంచితో వెనుదిరిగినవాళ్ల లెక్క ఏ రిపోర్టులోనూ లేదు.

ఇన్నేళ్లుగా నన్ను తొలిచేస్తున్నది అదే. సాయం చేసిన చెయ్యి జాబితాకెక్కుతుంది, ముడుచుకున్న చెయ్యి ఎక్కడా కనబడదు. ఇంక పనిమీద మనసు ఎందుకుంటుంది?

కింది ఉద్యోగి తీసుకునే నిర్ణయమే జనానికి ప్రభుత్వ విధానమవుతుందని మైకేల్ లిప్‌స్కీ 1980లోనే పుస్తకం రాశాడు. మీరూ పరీక్షల్లో పేజీలకు పేజీలు రాసే ఉంటారు. రాస్తే అయిపోయిందా నాన్నా? మీలో ఎంతమంది ఒకటో తారీఖున రేషన్ షాపు ముందు ఒక గంట నిలబడ్డారు? ఈ గౌను విప్పగానే వెళ్లి నిలబడండి.

రేపు మీరు సమీక్షలు చేస్తారు. ఆశా కార్యకర్తను, అంగన్‌వాడీ టీచరును, పంచాయతీ కార్యదర్శిని ఎదురుగా కూర్చోబెట్టి అంకెలు అడుగుతారు. అడగండి. వేలిముద్రను అమ్ముకున్నవాళ్లనూ నేను చూశాను, వాళ్లను వదలొద్దు. కానీ మెమో మీద సంతకం పెట్టేముందు జాబితాలోని ఇళ్లకు వెళ్లండి. ఆ వీలును ఎక్కువ వాడిన ఊళ్లతో పాటు అసలు వాడని ఊళ్ల పేర్లూ తెప్పించుకోండి. జీపు ముందు అటు పోనివ్వండి.