క్లెమెంటైన్ అన్నీ గుర్తుపెట్టుకుంది: ‘ది వాకింగ్ డెడ్’ ఆడిన ముగ్గురి మాటలు

ఈరోజు మనం మాట్లాడుకునేది 2012లో వచ్చిన ఒక గేమ్ గురించి. పేరు ‘ది వాకింగ్ డెడ్’. టెల్‌టేల్ గేమ్స్ అనే అమెరికా కంపెనీ చేసింది. మొత్తం ఐదు ఎపిసోడ్లు. ఏప్రిల్‌లో మొదటిది వచ్చింది, నవంబర్‌లో చివరిది. అంటే అప్పట్లో ఆడినవాళ్ళు టీవీ సీరియల్‌కి ఎదురుచూసినట్టు ఎదురుచూస్తూ ఆడారన్నమాట. జాంబీల కథే. రాబర్ట్ కిర్క్‌మన్ కామిక్స్ ప్రపంచంలో జరిగేదే. కానీ కామిక్స్ చదవకపోయినా, టీవీ సిరీస్ చూడకపోయినా ఏం ఇబ్బంది లేదు, ఇందులో కథ వేరు, ముఖ్యమైన మనుషులూ వేరు.

ముందే చెప్తున్నా, ఈరోజు కథ మొత్తం చెప్పేస్తాను, చివరి సీన్‌తో సహా. ఆడదామని అనుకుంటున్నవాళ్ళు ఇక్కడే ఆపేసి, ఆడి రండి. నేనెక్కడికీ పోను.

సరే, ఉన్నవాళ్ళు ఉన్నారు కదా. ఈ మధ్య నేను ఈ గేమ్‌ని ముగ్గురితో ఆడించాను, పక్కన కూర్చుని చూశాను. మా అక్క, మా బాబాయి కొడుకు, నా రూమ్మేట్. ముగ్గురికీ లాప్‌టాప్ నాదే. ఆడింది ఒకటే గేమ్. అయిపోయాక ముగ్గురూ చెప్పింది వింటే మాత్రం మూడు వేరే గేములు ఆడారేమో అనిపిస్తుంది. అందుకే ఈ ఎపిసోడ్.

గన్ను పట్టుకుని వందమందిని లేపేసే గేమ్ కాదిది. ఎక్కువసేపు మాట్లాడటమే. ఎవరో ఏదో అడుగుతారు, స్క్రీన్ మీద మూడు నాలుగు జవాబులు వస్తాయి, ఒక గీత కరిగిపోతూ ఉంటుంది. ఆ గీత అయిపోయేలోపు ఒకటి నొక్కాలి. నొక్కకపోతే మౌనంగా ఉన్నట్టే లెక్క. అవతలివాళ్ళు ఆ మౌనాన్ని కూడా జవాబుగానే తీసుకుంటారు. అప్పుడప్పుడు పైన ఒక మూల చిన్నగా ఒక లైన్ వస్తుంది: క్లెమెంటైన్ దీన్ని గుర్తుపెట్టుకుంటుంది, అని. ఈ లైన్ మీద ఇంటర్నెట్‌లో వచ్చినన్ని మీమ్స్ ఇంకే గేమ్ లైన్ మీదా రాలేదేమో.

క్లెమెంటైన్ ఎవరో చెప్పాలి. మనం ఆడేది లీ ఎవరెట్‌గా. యూనివర్సిటీలో హిస్టరీ పాఠాలు చెప్పిన మనిషి. తన భార్యతో సంబంధం పెట్టుకున్న ఒక స్టేట్ సెనేటర్‌ని చంపేశాడు. గేమ్ మొదలయ్యేసరికి పోలీసు కారు వెనక సీట్లో, చేతులకి బేడీలతో ఉంటాడు. అట్లాంటా నుంచి జైలుకి తీసుకుపోతుంటారు. దారిలో కారు ఒక జాంబీని గుద్ది పల్లంలోకి పోతుంది. లీ కాలికి దెబ్బ. కుంటుకుంటూ ఒక ఇంట్లో దూరితే అక్కడ ఎనిమిదేళ్ళ పాప, క్లెమెంటైన్. అమ్మానాన్న సవానా అనే ఊరికి వెళ్ళారు. పాపని చూసుకునే అమ్మాయి జాంబీ అయిపోయింది. పాప పెరట్లో చెట్టు మీదున్న చెక్క ఇంట్లో ఒక్కతే దాక్కుని ఉంది. చేతిలో ఒక వాకీటాకీ. దీన్ని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇప్పుడు మా రూమ్మేట్ గొడవ. వాడు రెండుసార్లు ఆడాడు. మొదటిసారి తనకి నచ్చినట్టు, రెండోసారి పట్టుబట్టి అన్నీ రివర్స్‌లో. ఆడి వచ్చి నాతో అన్న మాట: “మోసం రా ఇది. ఎగ్జిబిషన్‌లో చిన్నపిల్లలు ఎక్కే కారు చూశావా? స్టీరింగ్ ఉంటుంది, తెగ తిప్పుతారు, అది మాత్రం గుండ్రంగానే తిరుగుతుంది. ఇదీ అంతే.”

వాడి దగ్గర సాక్ష్యాలు కూడా ఉన్నాయి. మొదటి ఎపిసోడ్‌లో ఒక పొలం దగ్గర ఇద్దరు ప్రమాదంలో పడతారు. ఒకడు రైతు కొడుకు షాన్, ఇంకొకడు డక్ అనే పిల్లాడు. ఎవరి దగ్గరికి పరిగెడతావ్ అంటుంది గేమ్. షాన్ దగ్గరికి వెళ్ళినా షాన్ చచ్చిపోతాడు, డక్ దగ్గరికి వెళ్ళినా షానే చచ్చిపోతాడు. అదే ఎపిసోడ్ చివర్లో కార్లీ, డగ్ అనే ఇద్దరిలో ఒక్కర్నే కాపాడగలం. ఇక్కడ మాత్రం మనం ఎంచుకున్నవాళ్ళే బతుకుతారు, హమ్మయ్య అనుకుంటాం. మూడో ఎపిసోడ్‌లో లిల్లీ అనే ఆవిడ తుపాకీ పేలుస్తుంది. కార్లీని కాపాడి ఉంటే కార్లీ పోతుంది, డగ్‌ని కాపాడి ఉంటే డగ్ పోతాడు. రెండు కథలు రాయలేక మళ్ళీ ఒకే రోడ్డు మీదికి తెచ్చేశారు, అంతే. ఇందులో నేను గేమ్‌ని వెనకేసుకురాను. షాన్ విషయం వేరు, ఎంత ప్రయత్నించినా ఒక్కోసారి మనిషి దక్కడు, అది నిజ జీవితంలోనూ ఉంటుంది. కార్లీ, డగ్‌ల విషయం మాత్రం రాసినవాళ్ళ అవసరం కొద్దీ జరిగింది, అది కనిపిస్తుంది కూడా. అన్నట్టు ఈ కార్లీ న్యూస్ రిపోర్టర్, ఆవిడకి రేడియోలో బ్యాటరీలు వేయడం మాత్రం రాదు. మనమే వెతికి వేసి పెట్టాలి. ఈ గేమ్‌లో పజిల్స్ ఇంచుమించు ఈ లెవెల్లోనే ఉంటాయి, పెద్దగా ఆశలు పెట్టుకోకండి.

అయితే మా రూమ్మేట్ చూసింది కథ ఎటు పోయిందో మాత్రమే. ఎవరు బతికారు, ఎవరు పోయారు, ఎక్కడికి చేరారు. ఆ లెక్కలో వాడు చెప్పింది కరెక్టే. మా అక్క ఆడుతున్నప్పుడు నేను చూసింది వేరే.

అక్కకి ఆరేళ్ళ కూతురుంది. గేములు ఆడే అలవాటు లేదు. రెండో ఎపిసోడ్‌లో ఒక సీన్ ఉంటుంది. అందరూ ఒక మోటెల్‌లో తలదాచుకుంటారు, తిండి అయిపోవస్తుంది. లీ చేతిలో నాలుగంటే నాలుగు తినే వస్తువులు పెట్టి, ఈరోజు పంచే పని నీది అంటారు. ఉన్నది పది మంది దాకా. అక్క ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు, పిల్లలిద్దరికీ పెట్టేసింది. అక్కడిదాకా ఎవరైనా చేస్తారు. మిగిలిన రెండు పట్టుకుని మోటెల్ అంతా తిరుగుతూనే ఉంది. ఒకావిడ దగ్గరికి వెళ్తుంది, మాట్లాడుతుంది, ఇవ్వకుండా వచ్చేస్తుంది. “ఈయనకి ఇస్తే ఆయన మొహం ఎలా చూడాలిరా?” అని నన్నడుగుతోంది. చివరికి తనకి, అంటే లీకి, ఏమీ మిగుల్చుకోలేదు. అడిగితే, “వండినవాళ్ళు చివర్న తినాలి కదా” అంది. వండింది లేదు పాడు లేదు! కానీ ఆ సీన్‌ని అక్క ఆడింది అలాగే.

అదే ఎపిసోడ్ చివర్లో వీళ్ళని మాంసం దాచే గదిలో పడేసి తలుపేస్తారు. లిల్లీ వాళ్ళ నాన్న లారీ గుండెపోటుతో కూలిపోతాడు. భారీ మనిషి. చచ్చిపోతే జాంబీగా లేస్తాడు, ఆ గదిలో అందరినీ చంపేస్తాడు. లిల్లీ ఏడుస్తూ ఆయన ఛాతీ నొక్కుతోంది, ఇంకా బతికే ఉన్నాడంటుంది. కెన్నీ అనే ఆయన, వద్దు, లేవకముందే తల పగలగొట్టేద్దాం అంటాడు. ఎటువైపు? మా రూమ్మేట్ చెప్పినట్టే ఇక్కడా ఫలితం ఒకటే. మనం ఎటువైపున్నా కెన్నీ ఒక ఉప్పు దిమ్మ ఎత్తి వేసేస్తాడు. కానీ ఆ గదిలో క్లెమెంటైన్ ఉంది. చూస్తోంది. అక్క గబగబా లిల్లీ వైపు నొక్కి, దిమ్మ పడ్డాక లారీ గురించి ఒక్క మాట అనలేదు. “పాప చూసేసింది రా” అంది.

ఈ గేమ్ అసలు పని ఇక్కడ జరుగుతోందని నా అభిప్రాయం. కథ ఎటు పోతుందనేది లీ చేతుల్లో లేదు. ఒక పిల్ల పక్కన నిలబడి అన్నీ చూస్తున్నప్పుడు ఎలా ఉన్నాడు, ఏం మాట్లాడాడు అనేదొక్కటే మన చేతుల్లో పెట్టారు. 2018లో వచ్చిన ‘డెట్రాయిట్: బికమ్ హ్యూమన్’ తీసుకోండి. ప్రతి సీన్ అయ్యాక చెట్టు కొమ్మల్లాగా చార్ట్ చూపిస్తుంది, నువ్వు ఈ దారిలో వచ్చావు, ఇన్ని దారులు వదిలేశావు అని. హీరోలు నిజంగానే మధ్యలో పోతారు, కథ నిజంగానే మారుతుంది. మా రూమ్మేట్‌కి అది ప్రాణం. నాకూ నచ్చింది. కానీ చార్ట్ చూడగానే మిగతా కొమ్మల్లో ఏముందో చూడాలని చెయ్యి దురద పెడుతుంది, అప్పుడే చేసిన పని మీద దిగులు కాస్తా ఎగిరిపోతుంది. ‘వాకింగ్ డెడ్’ చార్ట్ చూపించదు. ఎపిసోడ్ చివర ఆడినవాళ్ళలో ఎంతమంది నీలాగే చేశారో శాతాలు చూపిస్తుంది, అంతే. అక్క ఆ శాతాలు చూసి ప్రతిసారీ, “మిగతావాళ్ళంతా ఏం మనుషులురా!” అనేది.

మా తమ్ముడిది ఇంకో రకం. బాబాయి కొడుకని చెప్పాను కదా, డిగ్రీ రెండో సంవత్సరం, పదో తరగతి దాకా తెలుగు మీడియం. గేమ్‌లో తెలుగు లేదు. అమెరికా దక్షిణాది యాసలో మాట్లాడతారు, వాడు కింద ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ చదువుకుంటూ ఆడాడు. జవాబులు నాలుగూ చదివేలోపు గీత కరిగిపోతుంది. దాంతో మొదటి రెండు ఎపిసోడ్లలో వాడి లీ చాలాచోట్ల నోరు విప్పలేదు. పొలం రైతు హెర్షెల్ నువ్వెవరు, ఎక్కడినుంచి వచ్చావు అని గుచ్చిగుచ్చి అడుగుతుంటే మౌనం. కెన్నీ కోపంగా అడిగితే మౌనం. పక్కన కూర్చున్న నాకు, ఎవరినీ నమ్మని, లోపల ఏదో దాచుకున్న మనిషిలా కనిపించాడు లీ. హత్య చేసి జైలుకి పోతున్న మనిషి అలా ఉంటాడంటే నమ్మబుద్ధేసింది! ఆపమంటావా అని అడిగితే వాడు ఒప్పుకోలేదు. “పాపతో మాట్లాడేటప్పుడు మాత్రం నేను టైమ్‌కి నొక్కుతున్నా అన్నా, చూడు” అన్నాడు. చూశాను. నిజమే. ఎలా అంటే, గీత రాకముందే ఆ పిల్ల ఏం అడుగుతుందో వీడు ఊహించి రెడీగా ఉంటున్నాడు.

మూడో ఎపిసోడ్‌లో రైల్లో చక్ అనే ముసలాయన లీని నిలదీస్తాడు. ఈ పిల్లని ఇలాగే ఉంచితే చచ్చిపోతుంది, జుట్టు కత్తిరించు, తుపాకీ కాల్చడం నేర్పు అని. ఎనిమిదేళ్ళ పిల్ల చేతికి తుపాకీ ఇచ్చి, గురి ఎలా పెట్టాలో చెప్తూ సీసాలు కొట్టించే సీన్ అది. అక్క కాసేపు మౌస్ మీంచి చెయ్యి తీసేసింది. తర్వాత నేర్పింది, బాగా నేర్పింది.

ఇక వాకీటాకీ. నాలుగో ఎపిసోడ్ చివర్లో క్లెమెంటైన్ మాయమవుతుంది. వెతుకుతుంటే లీని జాంబీ కరుస్తుంది. ఐదో ఎపిసోడ్‌లో చెయ్యి నరికేసుకోవచ్చు, నరుక్కోకపోవచ్చు. రెండింట్లోనూ లీ పోతాడు. ఈసారి మా రూమ్మేట్ కూడా నవ్వలేదు. పాపని తీసుకుపోయినవాడు ఒక హోటల్ గదిలో కూర్చుని ఉంటాడు. రెండో ఎపిసోడ్ చివర్లో వీళ్ళంతా రోడ్డు మీద ఎవరిదో కారు చూసి, అందులో తిండీ సామాన్లూ తీసేసుకుంటారు. ఆ కారు వీడిదే. వీడి సంసారం ఆ తర్వాత నాశనమైపోయింది. లీని ఎదురుగా కూర్చోబెట్టి, నువ్వు ఇది చేశావు, అది చేశావు అని మనం చేసినవే ఒక్కొక్కటీ అడుగుతాడు. వీడికెలా తెలుసు? ఇన్నాళ్ళూ క్లెమెంటైన్ వాకీటాకీలో మాట్లాడుతున్నది వీడితోనే. అవునా, పైన మూల వచ్చే ఆ చిన్న లైన్, గుర్తుపెట్టుకుంటుంది అనే లైన్, ఏదో గేమ్ మెసేజ్ అనుకుని వదిలేశాం కదా. ఆ పిల్ల నిజంగానే గుర్తుపెట్టుకుంది, ఒకడికి చెప్పింది కూడా. రూమ్మేట్ రెండోసారి అన్నీ రివర్స్‌లో ఆడాడని చెప్పాను కదా, పాపతో కర్కశంగా మాట్లాడి, లీ చేసిన హత్య గురించి చివరిదాకా దాచి. ఆ గదిలోకి వచ్చేసరికి వాడే, “నాకు జవాబు లేదురా” అన్నాడు. కథ అదే, గది అదే, మనిషి అదే.

చివరి సీన్‌లో లీ ఒక షాపులో గోడకి ఆనుకుని పడి ఉంటాడు, కదల్లేడు. ఇన్ని గంటలు లీని నడిపించాం, ఇప్పుడు మన చేతిలో మాట ఒక్కటే మిగులుతుంది. ఏం చెయ్యాలో పాపకి చెప్పాలి, తనే చేస్తుంది. తనని కాల్చేయమనాలా, జాంబీగా మారేలోపు వదిలేసి వెళ్ళిపోమనాలా? రూమ్మేట్ రెండుసార్లూ వెళ్ళిపోమన్నాడు, రివర్స్ రూల్ ఇక్కడ పక్కన పెట్టేశాడు. అక్క కాల్చమంది. ఎందుకంటే, “వదిలేసి వెళ్తే నేను అలా తిరుగుతూ ఉన్నానని జీవితాంతం అనుకుంటుంది” అంది. “లీ” అనలేదు, “నేను” అంది. తమ్ముడు ఏది నొక్కాడో నాకు చెప్పలేదు, ఆ పది నిమిషాలు నన్ను బయటికి పంపేశాడు.

టెల్‌టేల్ 2018 సెప్టెంబర్‌లో చతికిలబడింది. అప్పటికి క్లెమెంటైన్ పెద్దదై, ఏజే అనే చిన్న పిల్లాడిని తనే పెంచుతున్న చివరి సీజన్ సగంలో ఉంది. స్కైబౌండ్ వాళ్ళు తీసుకుని 2019లో పూర్తిచేశారు. ఆ సీజన్‌లో పైన మూల వచ్చే పేరు ఏజేది.

సరే మరి, మీ లీ చివర్లో ఏం చెప్పాడో కామెంట్స్‌లో రాయండి, శాతాలు మనమే వేసుకుందాం. ఈ మొదటి సీజన్‌కి నాయకత్వం వహించిన షాన్ వానమన్, జేక్ రాడ్కిన్ తర్వాత బయటికొచ్చి 2016లో ‘ఫైర్‌వాచ్’ తెచ్చారు. అందులో కూడా చేతిలో వాకీటాకీయే! వచ్చే ఎపిసోడ్ దాని మీద. ఉంటాను ఫ్రెండ్స్.