పుస్తకం మూసి చదవండి



ఢిల్లీలోని ధౌలా కువాన్‌లో తిరుమల తిరుపతి దేవస్థానం 1961లో నెలకొల్పిన శ్రీ వెంకటేశ్వర కళాశాల ఉంది. పరీక్షలు దగ్గర పడితే అక్కడైనా, మన ఊళ్ళోనైనా విద్యార్థి భయం ఒక్కటే: "చదివిందంతా హాల్లో గుర్తొస్తుందా?"

పాఠాన్ని పదే పదే చదివితే వచ్చేసినట్లే అనిపిస్తుంది. అది కేవలం కంటికి అలవాటు. 2006లో రోడిగర్, కార్పికే అనే అమెరికా శాస్త్రవేత్తలు విద్యార్థులపై ఒక ప్రయోగం చేశారు. వారం తరువాత చూస్తే, మళ్ళీ చదివినవారికి 42 శాతం, చూడకుండా రాసినవారికి 56 శాతం గుర్తుంది.

కనుక ఒక పాఠం చదవగానే పుస్తకం మూయండి. గుర్తున్నది కాగితంపై రాయండి. తప్పులు దిద్దుకోండి. రెండు రోజుల తరువాత మళ్ళీ రాయండి. పరీక్ష ముందు రాత్రి నిద్ర మానకండి. దిగులు మరీ ఎక్కువైతే పెద్దలతో చెప్పండి. 14416 టెలి మానస్‌కు ఉచితంగా ఫోన్ చేయండి.

ఆ కళాశాల దగ్గరి మెట్రో స్టేషన్‌కు దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు పెట్టారు. చిన్ననాడే బడి మానిన ఆమె, జైలు జీవితం తరువాత ప్రైవేటుగా చదివి బెనారస్ మెట్రిక్యులేషన్ గట్టెక్కారు. ఆపై న్యాయవాది అయ్యారు, రాజ్యాంగ సభలో కూర్చున్నారు. ఒక్క పరీక్ష తప్పినంత మాత్రాన చదువు ఆగిపోదు. ధైర్యంగా రాయండి.