తగాదా మాట ఎక్కడిది?



ఈ రోజు ఒక మాట గురించి చెప్పుకుందాం. రోజూ వినే మాటే. అదే 'తగాదా'. త - గా - దా. మూడే అక్షరాలు. కానీ రెండు ఇళ్ళ నడుమ ఎంత దూరం పెడుతుందో!

మన శాలిబండలో, గౌలిపురలో, లాల్ దర్వాజలో చిన్న లొల్లి అయితే చాలు, "వాళ్ళకూ వీళ్ళకూ తగాదా" అంటారు. ఈ మాట పుట్టిల్లు అరబ్బీ భాష. అక్కడి నుంచి ఫార్సీకి, ఉర్దూకి వచ్చింది. ఉర్దూలో 'తఖాజా' అంటారు. అంటే రావలసింది అడగడం. బాకీ ఇమ్మని వెంటపడటం. హిందీలో, మరాఠీలో 'తగాదా' అంటే నేటికీ బాకీ అడగడమే. తెలుగులో మాత్రం పోట్లాట అయింది. ఇందులో వింతేముంది? బాకీ అడిగిన చోట మాటా మాటా పెరగడం మనం చూడనిదా?

ఇలాంటివే ఇంకా రెండు మాటలు వినండి. 'తకరారు' కూడా అరబ్బీ మాటే. అక్కడ దానికి అర్థం, చెప్పిందే మళ్ళీ మళ్ళీ చెప్పడం. 'పేచీ' ఫార్సీలోని 'పేచ్' నుంచి వచ్చింది. పేచ్ అంటే మెలిక. సంక్రాంతికి పతంగులు ఎగరేసేటప్పుడు రెండు దారాలు మెలిక పడితే పిల్లలు 'పేంచ్' అంటారు కదా! అదీ ఈ మాటే.

చార్మినార్ కట్టింది 1591లో. ఆనాటి కుతుబ్ షాహీలు కొన్ని ఫర్మానాలు ఫార్సీలోనూ తెలుగులోనూ రాయించారు. నాలుగు వందల ఏళ్ళకు పైగా ఈ ఊళ్ళో భాషలు ఇరుగుపొరుగుగా ఉన్నాయి. మన పోట్లాట మాటలు కూడా పొరుగింటి నుంచి చేబదులు తెచ్చుకున్నవే!

ఇప్పుడు అసలు సంగతి. ఒకామె పొరుగామెకు 500 రూపాయలు చేబదులు ఇచ్చిందనుకోండి. రెండు నెలలు దాటాయి. అడగాలంటే ఈమెకు మొగమాటం. ఇయ్యాలంటే ఆమె చేతిలో లేవు. ఒకనాడు నల్లా కాడ బిందె ముందు పెట్టిందని లొల్లి మొదలైంది. అందరూ నీళ్ళ కోసం అనుకుంటారు. బిందె పేరుకే. లోపల ఉన్నది ఆ 500 రూపాయలు. ఒకరిది తెలుగు ఇల్లు, ఒకరిది ఉర్దూ ఇల్లు అయితే చూసేవాళ్ళు దానికి ఇంకో రంగు పూస్తారు. చిలికి చిలికి గాలివాన అవుతుంది.

మరి ఏం చేయాలి? మనకు ఇప్పుడు చదువు వచ్చింది. చేబదులు ఇచ్చినప్పుడే నోటుబుక్కులో రాసుకుందాం. ఎవరు ఇచ్చారు? ఎవరికి? ఎంత? ఏ తారీఖున? ఎప్పటిలోగా తీర్చాలి? ఇద్దరూ చదివి సంతకం పెట్టాలి. కొంచెం కొంచెంగా తీర్చినా ప్రతిసారీ రాయాలి. ఖాళీ కాగితం మీద మాత్రం సంతకం పెట్టవద్దు.

అయినా తెగకపోతే లోక్ అదాలత్ ఉంది. అక్కడ కోర్టు ఫీజు లేదు. ఇద్దరూ ఒప్పుకుంటేనే రాజీ. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్ళకు, ఆదాయం ఎంత ఉన్నా, ఉచిత న్యాయ సహాయం అందుతుంది. న్యాయ సేవాధికార సంస్థలో అడగండి.

అక్కలారా! రాసుకుంటే నమ్మకం లేనట్టు కాదు. నమ్మకం చెడిపోకుండా కాపాడుకున్నట్టు.

ఇంటికి పోయి మూడు మాటలు రాయండి. తగాదా, తకరారు, పేచీ. పక్కన అర్థాలు రాయండి. మీ పొరుగామెకు చదివి వినిపించండి.